ఏడు రోజుల్లో లంకా దహనం

శ్రీలంక యాత్ర చెడడం కొలంబో విమానాశ్రయంలో మొదలవదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, హాల్లో టీవీ మీద గూగుల్ మ్యాప్ తెరిచినప్పుడే మొదలవుతుంది. పైనుంచి కిందికి 430 కిలోమీటర్ల చిల్లర, అడ్డంగా 220. మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. ఆ అంకెలు చూడగానే ఇంటి పెద్దల్లుడుగారికి పూనకం వస్తుంది.

"ఓస్, ఇంతేనా! మన హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్లినంత కూడా లేదు. వారం రోజుల్లో చుట్టి పారేద్దాం."

మన ఇళ్లలో పెద్దల్లుడి మాటకు ఎదురు చెప్పే ఆచారం లేదు. మామగారు "అంతేగా మరి" అంటారు. బావమరిది తలూపుతాడు. చిన్నల్లుడికి సంగతి తెలుసు, అయినా తోడల్లుడి ప్లానుకు అడ్డుపడ్డాడన్న పేరు తనకెందుకని పకోడీల ప్లేటు దగ్గరికి లాక్కుంటాడు. పదకొండు మంది, ఏడు రోజులు, డిసెంబరు ఆఖరి వారం. ఎక్సెల్ షీటులో గడులు చకచకా నిండిపోతాయి: పొద్దున దిగడం, సాయంత్రం సిగిరియా రాతికోట ఎక్కడం, మర్నాడు ట్రింకోమలీలో ఈత, ఆపైన కాండీ, నువరేలియా, ఎల్లా, యాల అడవిలో చిరుతపులి, మిరిస్సాలో తిమింగలం. చిరుతపులికి కూడా టైము వేసి ఉంటుంది: ఉదయం 7.15.

మ్యాపులో కనబడనివి రెండున్నాయి. ఒకటి, గంటలు. వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్‌వే ప్రధానంగా కొలంబో నుంచి దక్షిణానికి, గాలే, మాతర మీదుగా హంబన్‌తోట దాకా ఉంది. కొండల్లోకి తిరిగామా, సన్నటి రోడ్డు, మలుపు మలుపుకీ ఎదురుగా ఎర్రబస్సు. అక్కడ గంటకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు పోతే గొప్ప. కాండీ నుంచి నువరేలియాకు 80 కిలోమీటర్లు కూడా ఉండదు, మూడు గంటలు పడుతుంది. అందుకే అక్కడి డ్రైవర్ని ఎంత దూరమని అడిగితే గంటలే చెబుతాడు.

విమానం తొమ్మిదింటికి దిగినా ఇమ్మిగ్రేషన్, సిమ్ కార్డులు, డబ్బు మార్పిడి, మామగారి కాఫీ కలిసి పన్నెండవుతుంది. సిగిరియాకు ఇంకో నాలుగు గంటలు. ఎక్కాల్సినవి దాదాపు 1,200 మెట్లు, టికెట్ కౌంటరు సాయంత్రం ఐదింటికి మూస్తారు. సార్క్ దేశాల వాళ్లకు టికెట్టు దాదాపు సగం ధరకే ఇస్తారు గానీ పాస్‌పోర్టు చూపించాలి. ఆ పదకొండు పాస్‌పోర్టులనూ అల్లుడుగారు అప్పటికే భద్రంగా హోటల్ లాకర్లో పెట్టి వచ్చి ఉంటారు.

రెండోది, వాన. ఆ కాస్త దేశానికి రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు కొలంబో, గాలే, మిరిస్సా వైపు కురిపిస్తాయి. సంవత్సరం చివర్లో మన నెల్లూరును ముంచే ఈశాన్య గాలులే ట్రింకోమలీ, బట్టికలోవా వైపునూ తడిపి, ఫిబ్రవరి దాకా వదలవు. కాబట్టి డిసెంబరులో సముద్రస్నానం దక్షిణ తీరంలో, వేసవి సెలవుల్లో అయితే తూర్పు తీరంలో. చిన్నల్లుడు ఉండబట్టలేక ఈ ముక్క చెబితే, "వానలో ఈతంటే ఇంకా అడ్వెంచరు కదయ్యా!" అని పెద్దల్లుడుగారు తీసిపారేస్తారు.

వ్యాను మాట్లాడుకోవడంలోనూ ఇదే లెక్క. అక్కడ అందరూ కేడీహెచ్ అనే టయోటా వ్యాన్లో సీట్లు లెక్కపెట్టి సరిపోతాయని సంబరపడితే, సూట్‌కేసులు మన ఒళ్లోకే వస్తాయి. ఎనిమిది మంది దాటితే కోస్టర్ లాంటి చిన్న బస్సే నయం.

ఇక సాహసం. పిల్లలకు కితుల్‌గలలో రాఫ్టింగ్ కావాలి. అది కెలని నది, మరీ ప్రాణాంతకమైన ప్రవాహమేమీ కాదు. పైన జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటిని బట్టి ఉరవడి మారుతుంది. హెల్మెట్, లైఫ్ జాకెట్ ఇస్తారు, జాకెట్టు పట్టీలు వదులు లేకుండా, అలాగని ఊపిరి ఆడకుండా కాకుండా, లాగి కట్టించుకోవాలి. బరువైన వాళ్లు రెండు అంచులకూ సమానంగా కూర్చోవాలి, అంటే మామగారొక పక్క, అల్లుడుగారొక పక్క. ఒక పక్క తెడ్లు జోరుగా పడితే తెప్ప అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగి రాయికి తగిలితే బోల్తా పడుతుంది. అందుకే గైడు "ఫార్వర్డ్", "స్టాప్" అని అరుస్తుంటాడు. మనవాళ్ల తెప్ప రాళ్ల వల్ల కంటే, గైడు "స్టాప్" అన్నాక అల్లుడుగారు "కానీండి, కానీండి!" అనడం వల్లే ఎక్కువగా తిరగబడుతుంది.

అత్తగారికి మాత్రం నువరేలియా దగ్గరి సీతమ్మ గుడి కావాలి. తెడ్డుకూ దేవుడికీ ఎల్లాలో రాజీ కుదురుతుందని ఆశ. అక్కడ రావణ జలపాతం ఉంది, రావణ గుహ ఉంది, జిప్‌లైను కూడా ఉంది. ఆ జిప్‌లైను పేరూ రావణుడిదే. అత్తగారు ఆ పేరు విని మనవణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాగుతారు: "వాడి పేరు మీద గాల్లో ఎగరడమేంట్రా? అమ్మవారిని ఎత్తుకుపోయింది అలాగే కదా!"

సర్దుడు దగ్గర ఇల్లంతా ఒక్కటవుతుంది, తప్పుల్లో. పవర్‌బ్యాంకు చేతిసంచిలో ఉండాలి, ఆవకాయ చెకిన్ పెట్టెలో ఉండాలి. సరిగ్గా తారుమారు చేస్తారు. ఎండుకొబ్బరి చెకిన్ పెట్టెలో అసలు పనికిరాదు. నూనె గుణం వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు గనక నిషేధం. అయినా అడుగున చీర మడతల్లో నాలుగు చిప్పలు దొరుకుతాయి. కొబ్బరిచెట్ల దేశానికి కొబ్బరి ఎందుకమ్మా అంటే, "అక్కడి కొబ్బరి ఎలా ఉంటుందో ఏమో" అని జవాబు. అక్కడి కొబ్బరి బ్రహ్మాండంగా ఉంటుంది. చిక్కు వేరు: ఇడియాప్పంలోకి ఇచ్చే కొబ్బరి సంబల్‌లో ఉంబలకడ, అంటే ఎండబెట్టిన చేప పొడి, తరచూ కలుస్తుంది. శాకాహారమేనా అని కాదు, ఉంబలకడ వేశారా అని అడగాలి. లేదంటే శైవ హోటల్, అంటే తమిళుల శాకాహార హోటల్, వెతుక్కోవాలి.

ఉష్ణమండల దేశమని అందరికీ నూలు బట్టలే సర్దుతారు, మంకీ క్యాపు అటక మీదే ఉండిపోతుంది. నువరేలియా 1,868 మీటర్ల ఎత్తున ఉంది, అరకుకు రెట్టింపు. దాని పైన హార్టన్ ప్లెయిన్స్ అనే జాతీయ పార్కు 2,100 మీటర్లు దాటుతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఐదు డిగ్రీలకూ పడుతుంది. అక్కడి వరల్డ్స్ ఎండ్ దగ్గర నేల ఒక్కసారిగా ఎనిమిది వందల మీటర్లకు పైగా తెగిపోతుంది. చూడాలంటే పొద్దున్నే చూడాలి, తొమ్మిది పది మధ్య కింది లోయ నుంచి మబ్బు ఎగబాకి అంతా మూసేస్తుంది. గేటు ఆరింటికి తెరుస్తారు, ఆపైన నాలుగు కిలోమీటర్లకు పైగా నడక. నువరేలియా నుంచి ఐదింటికల్లా బయల్దేరాలి. పదకొండు మందికి వేణ్ణీళ్లు కాగేసరికి ఆరున్నర.

లోపలికి వెళ్లేముందు బ్యాగులు విప్పించి పాలిథిన్ కవర్లు, బిస్కెట్ల పైకాగితాలు తీసేస్తారు. సాంబర్ జింకలు వాటిని మింగి చస్తున్నాయి గనక ఇందులో మినహాయింపు లేదు. అత్తగారి సంచి తెరుస్తారు. పులిహోర పొట్లం. పొట్లానికి కవరు, కవరుకు రబ్బరు బ్యాండు, దాని మీద ఇంకో కవరు. అలాంటివి పదకొండు. కింద చెక్కలు, జంతికలు, సున్నుండలు, ప్రతిదానికీ డబుల్ కవరు. గార్డు ఒక్కో రబ్బరు బ్యాండు విప్పి వేలికి తొడుక్కుంటూ, ఓపిగ్గా అన్నీ కాగితాల్లోకి మారుస్తాడు. నాలుగో పొట్లానికి నూనె కాగితం దాటి బల్ల మీదికి వస్తుంది. వెనక క్యూ పెరుగుతుంది. అల్లుడుగారు గడియారం చూసుకుని దుప్పటి ఇంకాస్త బిగించుకుంటారు. అది హోటల్ దుప్పటి.

అంచుకు చేరేసరికి పదీ పది.

"ఇక్కణ్ణుంచి సముద్రం దాకా కనిపిస్తుందట మామయ్యగారూ."

"ఎటు బాబూ?"

"ఈ తెలుపు వెనకాల."

ఫోటోలు తీసుకుంటారు. అందరికీ తెల్లటి బ్యాక్‌గ్రౌండు, వీసాకు పనికొచ్చేలా.

మిరిస్సాలో పడవ ఉదయం ఆరున్నరకే కదులుతుంది. కడుపు తిప్పకుండా ఉండే మాత్ర ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది. పై డెక్కు ఎక్కువ ఊగుతుంది, కింద వెనకవైపు కూర్చుని దూరంగా సముద్రం అంచును చూస్తుండటం మంచిది. అల్లుడుగారు పై డెక్కు మీద, ముందువరసలో, ఫోన్లో ఎక్సెల్ షీటు చూసుకుంటూ కూర్చుంటారు. అత్తగారు ఒక్క ఇడియాప్పం తిని కింద వెనక బల్ల మీద సర్దుకుంటారు.

నీలి తిమింగలం తోక లేపే వేళకు పై డెక్కు జనమంతా రెండోవైపుకు వంగి ఉంటారు. దాన్ని తృప్తిగా చూసేది అత్తగారొక్కరే. అల్లుడుగారు నిచ్చెన పట్టుకుని కిందికి దిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

"అత్తయ్యగారూ, కవరు... ఒక్క కవరు..."

"కవర్లన్నీ ఆ కొండ మీద గేటు దగ్గర ఊడ్చేశారుగా బాబూ. కాయితం పొట్లం ఉంది, ఇవ్వనా?"