90 సెకన్లు, ఒక ఆవకాయ జాడీ

బరంపురం గిరి రోడ్డులో ఒక మేడ మీద ఎయిర్‌హోస్టెస్ శిక్షణ సంస్థ వెలిసింది. పిల్లలకు ఇంగ్లీషు కోర్సు తయారుచెయ్యమని నన్ను పిలిచారు. ఓనరుగారి షరతులు రెండే. బోర్డు మీద ‘ఐకావో లెవెల్ 4 గ్యారంటీ’ అని ఉండాలి, పాఠంలో ప్రతి వాక్యానికీ ఒక ప్లీజ్ ఉండాలి.

“ఐకావో అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. దాని భాషా లెవెల్ పైలట్లకీ, నేల మీంచి వాళ్లకు దారి చెప్పే కంట్రోలర్లకీనండీ. రేడియోలో మాట్లాడుకోవడానికని 2008 మార్చి నుంచి పెట్టారు. క్యాబిన్ సిబ్బందికి కాదు” అన్నాను.

“పోనీ, లెవెల్ 5 వేద్దాం” అన్నారాయన.

ఇక ప్లీజ్. భోజనం దగ్గరా, దుప్పటి దగ్గరా ఎన్ని వాడినా ముచ్చటే. విమానం ఖాళీ చేయించేటప్పుడు మాత్రం అరుపులు పొట్టిగా, కటువుగా ఉండాలి. 44 సీట్లు దాటిన విమానంలో సగం తలుపులు పనిచెయ్యకపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపిస్తేగానీ దానికి అనుమతే రాదు. ఇదంతా చెప్పాను. “ఇంగ్లీషంటేనే మర్యాద కదండీ” అంటూ ఆయన నా పాఠం నిండా ఎర్రసిరాతో ప్లీజులు చల్లారు.

డ్రిల్లు రోజున బెంచీలే సీట్లు, పిల్లల చుట్టాలే ప్రయాణికులు. ముందు వరసలో ఒక పిన్నిగారు. ఒళ్లో ఆవకాయ జాడీ, మూతికి వాసెన. సూరత్‌లో ఉన్న కొడుక్కట, అటునుంచటే స్టేషనుకి వెళ్లాలట.

లైట్లు ఆర్పారు. “ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్, వుడ్ యూ ప్లీజ్ కైండ్లీ లీవ్ యువర్ బ్యాగేజ్?” అంది అమ్మాయి, జాడీ వైపు చెయ్యి చూపిస్తూ.

“పరవాలేదమ్మా, బరువేం లేదు” అంది పిన్నిగారు.

“థాంక్యూ మేడమ్.”

వెనకాల తాతగారు తాపీగా చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆయనకీ ఒక ప్లీజ్ పడింది. “ఎవరమ్మాయివే నువ్వు? మీది కాశీబుగ్గా, ఇచ్ఛాపురమా?” అని ఆరా మొదలెట్టారు. నా వాచీలో 90 ఎప్పుడో దాటిపోయింది.

అమ్మాయికి తిక్క రేగింది. “లీవ్ ఎవ్రీథింగ్! దిస్ వే! మూవ్!” అని మేడ అదిరేలా అరిచింది. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, పిన్నిగారు జాడీ బెంచీ మీద పడేసి మెట్ల మీద పరుగు. తాతగారు వట్టికాళ్లతో ఆవిణ్ణి దాటేశారు. తలుపుకి అడ్డంగా నిలబడ్డ ఓనరుగారు, ఆయన బ్రీఫ్‌కేసు కూడా ఆ ప్రవాహంలోనే కిందికి చేరారు.

కాస్త తెరిపిన పడ్డాక పిన్నిగారు ఆయాసపడుతూ పైకొచ్చింది.

“నిజం విమానంలోనూ ఇలా వెనక్కొచ్చి తెచ్చుకోనిస్తారా బాబూ?”

“రానివ్వరండీ.”

“అయితే మాకు రైలే నయం” అని జాడీ చంకనెత్తుకుంది.