అయస్కాంతం దొరికితే చాలదు, దాన్ని పట్టి ఉంచే విద్య కావాలి

ఎలక్ట్రిక్ మోటార్‌లో తిరిగే భాగాన్ని రోటార్ అంటారు. యాభై గ్రాముల అయస్కాంతం ముక్కను 7 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న రోటార్ అంచున అమర్చి, నిమిషానికి 20 వేల చుట్లు తిప్పారనుకుందాం. దాన్ని బయటికి లాగే బలం సుమారు 1,560 కిలోల బరువుకు సమానమవుతుంది. చాలా కార్లు అంత బరువుండవు. ఆ అంచు వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటిపోతుంది. ఇక రోటార్‌కూ, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కూ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటర్‌కు కాస్త అటూ ఇటూ. ముక్క కొంచెం పైకి లేచినా స్టేటర్‌కు రాసుకుంటుంది, మోటార్ అక్కడితో సరి.

2025 ఏప్రిల్ 4న చైనా డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం సహా రేర్ ఎర్త్ అనే లోహ మూలకాల్లో ఏడింటి మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి నియంత్రణలు పెట్టింది. అప్పటి నుంచి మన దగ్గర చర్చంతా గనుల గురించి, దిగుమతుల గురించే. అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏటా 6 వేల టన్నుల అయస్కాంతాల తయారీ సామర్థ్యం లక్ష్యంగా రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. మంచి నిర్ణయమే. కానీ అయస్కాంతం చేతికొచ్చాక దాన్ని రోటార్‌లో ఎలా బిగిస్తాం అన్న ప్రశ్న ఈ చర్చలో దాదాపు వినిపించదు. అది ఇంజినీర్లు చూసుకునే చిన్న విషయమని వదిలేస్తున్నాం. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. ఒక మోటార్‌కు ఎంత అయస్కాంతం కావాలి, అది ఎన్నేళ్లు నిలుస్తుంది, మోటార్ పాడయ్యాక ఆ అయస్కాంతం మళ్లీ మన చేతికొస్తుందా లేదా అన్న మూడు సంగతులూ చాలావరకు ఆ బిగింపు మీదే ఆధారపడి ఉంటాయి.

ముందు ఈ అయస్కాంతం స్వభావం తెలియాలి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఈ పదార్థాన్ని 1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఎవరి దారిన వాళ్లు కనిపెట్టారు. పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి చేస్తారు కాబట్టి చాలా పెళుసు. నొక్కితే బాగా తట్టుకుంటుంది, లాగితే అందులో పదో వంతు కూడా తట్టుకోదు. అందుకే రంధ్రం వేసి బోల్టు బిగించే పద్ధతి దీనికి పనికిరాదు. తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి పైన నికెల్ లేదా ఎపాక్సీ (ఆరాక గట్టిపడే జిగురు లాంటి పదార్థం) పూత తప్పనిసరి. వేడి విషయంలో ఇంకో చిక్కు ఉంది. 100 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.12 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని మీద అతికించిన అయస్కాంతం మాత్రం, తన అయస్కాంత దిశకు అడ్డంగా చూస్తే, పెరగకపోగా లేశమంత తగ్గుతుంది. ఇద్దరి మధ్య నలిగేది జిగురు పొరే. అది కూడా ఒకసారి కాదు, బండి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ.

మన వీధుల్లో తిరిగే చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో వెనక చక్రంలోనే మోటార్ ఉంటుంది. ఈ హబ్ మోటార్‌లో తిరిగేది బయటి రింగు. అయస్కాంతాలు ఆ రింగు లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ అవి గోడకే ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి, వేగమూ తక్కువే. కాబట్టి ఇక్కడ జిగురు సరిపోతుంది. ఇక్కడి శత్రువులు వేరే. గుంతల్లో కుదుపులు, వానాకాలంలో ఇరుసు దగ్గర నుంచి, వైర్లు దిగే చోటు నుంచి లోపలికి చేరే నీళ్లు, దాంతో మొదలయ్యే తుప్పు. పూత కింద తుప్పు పట్టిన అయస్కాంతాన్ని ఎంత మంచి గమ్ పెట్టినా ఆపలేం, ఎందుకంటే గమ్ పట్టుకున్నది పూతనే. రిపేరు షాపులో ఊడిన ముక్కను గీకి మళ్లీ అతికించడం చూస్తూనే ఉంటాం. ఉపరితలాన్ని పూర్తిగా శుభ్రం చేయకుండా, జిగురు పొర మందం సమంగా రాకుండా, సరైన వేడిలో ఆరనివ్వకుండా చేసిన అతుకు ఎక్కువ కాలం నిలవదు. ఇది మెకానిక్ తప్పు కాదు. ఏ గమ్ వాడాలో, ఎంత వేడిలో ఎంతసేపు ఆరబెట్టాలో అతనికి చెప్పేవాళ్లు లేరు.

కార్లలో అయస్కాంతాలు రోటార్ లోపలే ఉంటాయి. పలుచటి ఉక్కు రేకులు పేర్చి రోటార్ చేస్తారు, ఆ రేకుల్లో కోసిన గాళ్లలోకి అయస్కాంతాలను దూరుస్తారు. గాడికీ రోటార్ అంచుకూ మధ్య మిగిలే సన్నని ఉక్కు వంతెనే ఆ బరువంతా మోస్తుంది. అసలు కథ ఈ వంతెన దగ్గరే ఉంది. బలం కోసం దాన్ని మందంగా ఉంచితే అయస్కాంత ప్రవాహంలో కొంత స్టేటర్ దాకా వెళ్లకుండా ఆ ఉక్కులోంచే వెనక్కి మళ్లిపోతుంది. పోయినదాన్ని పూడ్చాలంటే ఇంకా అయస్కాంతం పెట్టాలి. సన్నగా చేస్తే అయస్కాంతం ఆదా అవుతుంది, కానీ వేగం పెరిగినప్పుడు తెగిపోయే ప్రమాదం. టొయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ 2004 మోడల్ మోటార్ గరిష్ఠ వేగం నిమిషానికి 6,000 చుట్లు. 2010 మోడల్‌కు అది 13,500 అయింది. వేగం రెండింతలైతే లాగే బలం నాలుగింతలవుతుంది. అదే సైజు రోటార్‌లో ఆ మార్పు చేస్తే బలం ఐదు రెట్లు. అయినా కంపెనీలు వేగం వెంటే ఎందుకు పడుతున్నాయంటే, ఎక్కువ వేగంతో తిరిగే మోటార్ అంతే పవర్‌ను చిన్న సైజులో, తక్కువ అయస్కాంతంతో ఇవ్వగలదు. గట్టిగా పట్టి ఉంచగలిగినవాడే అయస్కాంతాన్ని పొదుపు చేయగలడు.

గాడిలో అయస్కాంతం వదులుగా ఉంటే అదురుకు అంచులు విరుగుతాయి. అందుకని చుట్టూ ఎపాక్సీ గానీ, కరిగించిన ప్లాస్టిక్ గానీ నింపుతారు. కొందరు వేడికి ఉబ్బే పూతలు వాడతారు. ఈ నింపుడు కదలకుండా ఆపడంతో సరిపెట్టదు. అయస్కాంతంలో పుట్టే వేడిని ఉక్కులోకి దాటించే దారి కూడా అదే. మధ్యలో గాలి మిగిలిపోతే వేడి అక్కడే చిక్కుతుంది. వేడెక్కే కొద్దీ అయస్కాంతం శక్తి కోల్పోయే ప్రమాదం పెరుగుతుంది. దాన్ని ఆపడానికే డిస్ప్రోసియం, టెర్బియం కలుపుతారు. చైనా తాళం వేసింది సరిగ్గా వీటికే. రోటార్‌ను పది డిగ్రీలు చల్లగా ఉంచే నింపుడు పద్ధతి కనిపెట్టడమంటే, దిగుమతి చేసుకునే డిస్ప్రోసియంలో కొంత తగ్గించుకోవడమే. ఖనిజ విధానం రాసేవాళ్లు మోటార్ తయారీ షెడ్డులోకి కూడా తొంగిచూడాలని నేననడం ఇందుకే.

మూడో దారి చుట్టూ తొడుగు వేయడం. ఎద్దుబండి చక్రానికి కమ్మరి ఇనుప కట్టును ఎర్రగా కాల్చి ఎక్కించి, నీళ్లు పోసి బిగించినట్టే, లోహపు స్లీవ్‌ను వేడిచేసి రోటార్ మీదికి ఎక్కిస్తారు. చల్లారాక అది ముడుచుకుని అయస్కాంతాలను లోపలికి నొక్కుతుంది. నొక్కుడును తట్టుకోవడం వాటికి సులువని ముందే చెప్పుకున్నాం. కాబట్టి ఈ బిగింపు వాటి స్వభావానికి సరిగ్గా సరిపోతుంది. అయితే లోహంలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే విద్యుత్తు, పుట్టి అది వేడెక్కుతుంది. కార్బన్ ఫైబర్‌కు ఆ బెడద చాలా తక్కువ, పైగా తేలిక. టెస్లా 2021లో మోడల్ ఎస్ ప్లెయిడ్ మోటార్లలో కార్బన్ తొడుగు ఉన్న రోటార్లు తెచ్చింది. కార్బన్ దారాన్ని విపరీతమైన బిగువుతో చుట్టాలి, లేకపోతే వేగంలో తొడుగే సాగి, అయస్కాంతాల మీద దాని పట్టు వదులవుతుంది. దీనికీ ఖర్చులున్నాయి. తొడుగు మందమంతా రోటార్‌కూ స్టేటర్‌కూ మధ్య దూరంలో కలుస్తుంది. కార్బన్ పొర అడ్డంగా వేడిని సరిగ్గా పోనివ్వదు. ఇక లోపలున్నదాన్ని తీయాలంటే తొడుగును కోసేయడమే.

అయస్కాంతం లేని మోటార్లు చేసుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. బీఎండబ్ల్యూ తన ఎలక్ట్రిక్ కారు ఐఎక్స్3లో రోటార్‌కు రాగి చుట్లే వాడింది. ఆ రాగినీ ఎగిరిపోకుండా పట్టి ఉంచాల్సిందే. ఇనుప ఆక్సైడ్‌తో చేసే చవకైన ఫెర్రైట్ అయస్కాంతాలు వాడదామంటే అవి నియోడిమియం కంటే బాగా బలహీనం, కాబట్టి ఎక్కువ ముక్కలు పెట్టాలి. అవీ పెళుసే. బిగింపు సమస్య ఎటు వెళ్లినా వెంటే వస్తుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పాత మోటార్ల సంగతి. వచ్చే పదేళ్లలో లక్షల ఎలక్ట్రిక్ స్కూటర్లు తుక్కుకు చేరతాయి. వాటిలో ఉన్నది మనకు గని కంటే దగ్గరి వనరు. ఖనిజాల రీసైక్లింగ్ కోసం కేంద్రం 2025 సెప్టెంబరులో రూ.1,500 కోట్ల పథకం కూడా ఆమోదించింది. కానీ ఎపాక్సీలో మునిగిన అయస్కాంతాన్ని సుత్తితో తీయలేం. జిగురు మాడిపోయేదాకా కాల్చాలి, లేదా రోటార్‌ను కోయాలి, లేదా హైడ్రోజన్‌లో ఉంచి అయస్కాంతాన్ని పొడిగా రాల్చాలి. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం అభివృద్ధి చేసింది ఈ చివరి పద్ధతినే. పూత గానీ, జిగురు గానీ హైడ్రోజన్‌ను అయస్కాంతం దాకా చేరనివ్వకపోతే అదీ సాగదు. ఏ పద్ధతి పనిచేస్తుందన్నది తయారీ రోజున ఎలా బిగించారన్నదాన్ని బట్టే ఉంటుంది. యూరోపియన్ యూనియన్ ఈ సంగతి పట్టుకుంది. 2024లో తెచ్చిన కీలక ముడి పదార్థాల చట్టంలో వాహనాలు, మోటార్లు, వాషింగ్ మెషీన్ల వంటి వాటిలోని అయస్కాంతాల బరువు, అవి ఉన్న చోటు, రసాయన కూర్పుతో పాటు వాడిన పూతలు, జిగుర్ల వివరాలు, వాటిని తీసే పద్ధతి కూడా తయారీదారు వెల్లడించాలని రాసింది. జిగురు గురించి చట్టంలో రాశారంటే ఎంత ముందుచూపో చూడండి.

మన దగ్గర ముడిసరుకూ ఉంది, విద్యా ఉంది. రేర్ ఎర్త్ లోహాలు దొరికే మోనజైట్ ఖనిజం నిల్వలు దేశంలో మిగతా రాష్ట్రాల కంటే ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఏర్పాటు చేసిన సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటును 2023 మేలో జాతికి అంకితం చేశారు. దాని సామర్థ్యం ఏడాదికి 3 వేల కిలోలు. హైదరాబాద్‌లోని లోహ పరిశోధనా సంస్థ ఎన్‌ఎఫ్‌టీడీసీ అయస్కాంతాల తయారీ మీద ఏళ్లుగా పనిచేస్తోంది. అదే నగరంలో డీఆర్‌డీవో వారి అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ అగ్ని క్షిపణుల రాకెట్ మోటార్ల కోసం దారం చుట్టి కాంపోజిట్ కేసింగ్‌లు చేసింది. బిగువుగా ఫైబర్ చుట్టే విద్య తెలిసిన చోటే రోటార్ తొడుగుల పరిశ్రమ ఎందుకు మొదలు కాకూడదు? క్షిపణి కేసింగ్‌కూ రోటార్ తొడుగుకూ తేడా చాలా ఉంది, కారు ధరకు తగ్గట్టు వేల సంఖ్యలో చేయడం వేరే కష్టం. అయినా సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని మాత్రం కాదు.

ప్రభుత్వం డబ్బు ఇచ్చేటప్పుడే కొన్ని షరతులు పెట్టాలి. రాయితీ తీసుకునే ప్రతి మోటార్ తయారీదారూ ఏ జిగురు, ఏ పూత, ఎంత బరువు, ఎలా విప్పాలి అన్న వివరాలను మోటార్ మీదే క్యూఆర్ కోడ్‌గా ముద్రించాలి. ఆ వివరాలు రిపేరు షాపులకూ తెలుగు సహా స్థానిక భాషల్లో అందాలి. మోటార్లకు గరిష్ఠ వేగానికి 1.2 రెట్లు, రెండు నిమిషాల పాటు తిప్పి చూసే పరీక్ష ఎప్పటి నుంచో ఉంది. కొత్త రోటార్‌ను అలా తిప్పితే కొత్త జిగురు బలమే తెలుస్తుంది. వందల సార్లు వేడిచేసి చల్లార్చి, తడిలో నానబెట్టిన రోటార్‌ను ఆ పరీక్షకు పెట్టాలి. మన ఎండలూ మన వానలూ తట్టుకుంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది.