పావంగుళం చారకు పట్టిన గ్రహణం

గోదావరి డెల్టాలో తేమకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నది ఒక్క ధాన్యం విషయంలోనే. కోతలయ్యాక రైతు కొనుగోలు కేంద్రానికి వెళితే అక్కడ ఒక యంత్రం గుప్పెడు గింజలు మింగి అంకె చెబుతుంది. 17 శాతం లోపుంటే మద్దతు ధర, దాటితే మళ్లీ ఎండబెట్టుకోమన్న సలహా. ఆ అంకె మీద మంత్రులు ప్రకటనలు చేస్తారు, ప్రతిపక్షం ధర్నాలు చేస్తుంది, మిల్లర్లు నిట్టూరుస్తారు. అంతా బాగానే ఉంది. కానీ ఇదే డెల్టాలో, ఇదే తేమలో, తలుపులు బిడాయించుకుని చిన్న ప్లాస్టిక్ బొమ్మ విమానం రెక్క మీద నల్లచార వేయబోయి భంగపడుతున్న పౌరుడి గదికి మాత్రం ఆ యంత్రం ఇంతవరకు రాలేదు. తుపాను వెలిశాక పడిపోయిన అరటి చెట్లను లెక్కపెట్టడానికి వచ్చే అధికారులు, టేపుతో పాటు ఊడివచ్చిన రంగును ఒక్క చదరపు సెంటీమీటరైనా నమోదు చేసుకున్న దాఖలా లేదు.

ఇందులో కుట్ర ఉందని నేననను. అజ్ఞానం ఉంది. మన ప్రాంతానికి యుద్ధవిమానాలు కొత్త కావు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేసి వెళ్లాయి. ఆ రోజు తలెత్తి చూసినవారిలో ఒక్కరైనా ఆ రెక్కల మీది ఎర్రటి గుండ్రం అంచు చెదిరిందా, శుభ్రంగా ఉందా అని పరిశీలించి ఉంటారని నేననుకోను. అందరూ పరుగెత్తారు. ఆ విధంగా ఒక సంప్రదాయం మొలకెత్తకుండానే వాడిపోయింది.

ఇప్పుడు దాన్ని ఒంటిచేత్తో నిలబెడుతున్నది అమలాపురంలో మా బావగారు. లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేశాక ప్లాస్టిక్ విమానాలు కట్టడం మొదలుపెట్టారు. ప్రస్తుతం ఆయన బల్ల మీద ఉన్నది 1/72 కొలతలో రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్. అసలు విమానం రెక్కల నిడివి 36 అడుగుల 10 అంగుళాలు. బావగారి బల్ల మీదికి వచ్చేసరికి 15.6 సెంటీమీటర్లు. దాన్ని కట్టడం పెద్ద పని కాదు, వారంలో అయిపోయింది. చిక్కంతా చారల దగ్గర వచ్చింది.

1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు నార్మండీ తీరంలో దిగినప్పుడు వాటి విమానాలకు రెక్కల మీద, తోకకు ముందు నడుము చుట్టూ ఐదేసి చారలు ఉన్నాయి. మూడు తెలుపు, రెండు నలుపు. అంతకు ముందు ఏడాది సిసిలీ దగ్గర సొంత విమానాలనే శత్రువులవనుకుని సొంత నౌకలే కాల్చాయి; అది మళ్లీ జరగకుండా ఈ ఏర్పాటు. ఒంటి ఇంజను విమానాలకు ఒక్కో చార వెడల్పు 18 అంగుళాలు. 72తో భాగిస్తే పావంగుళం. బావగారు పావంగుళం అనరు, 6.35 మిల్లీమీటర్లు అంటారు. ఆ చివరి 0.05 కోసం ఆయన రెండో కళ్లజోడు పెట్టుకుంటారు.

పద్ధతి చెప్పుకోవడానికి తేలిక. ఐదు చారలూ పట్టేంత మేర ముందు తెలుపు వేయాలి. అది ఆరాక, తెలుపుగా మిగలవలసిన మూడు చోట్ల రంగు పడకుండా కప్పే మాస్కింగ్ టేపు అంటించి, మిగిలిన రెండు సందుల్లో నలుపు కొట్టాలి. టేపు తీస్తే చారలు. కార్లకు రెండు రంగులు వేసేవాళ్ల అవస్థ చూసి రిచర్డ్ డ్రూ అనే అమెరికన్ 1925లో ఈ టేపును తయారుచేశాడు. అప్పటి నుంచి ప్రపంచమంతటా పనిచేస్తున్న ఆ టేపు కోనసీమలో మాత్రం పనిచేయదని బావగారి నిశ్చితాభిప్రాయం.

టేపు తీసిన సాయంత్రం నేనక్కడే ఉన్నాను కనుక సాక్ష్యం చెప్పగలను. కుడి రెక్క మీద మొదటి టేపు లేచింది. తెల్లచార అంచు నుంచి సన్నటి నల్లపాయలు లోపలికి పాకి ఉన్నాయి. రెక్క మీద రేకుల అతుకులు చూపించడానికి ప్లాస్టిక్‌లో సన్నటి గాళ్లు ఉంటాయి. టేపు వాటి మీదుగా పోతుందే తప్ప లోపలికి దిగదు. పలచటి నలుపు ఆ గాళ్లు పట్టుకుని, కాటన్ దొర తవ్వించిన కాలువలో నీరు శివారు పొలానికి చేరినంత శ్రద్ధగా తెలుపు చివరిదాకా చేరింది. (శివారు పొలాలకు నీరు నిజంగా అంత శ్రద్ధగా చేరుతోందా అని రైతులు అడగవచ్చు. రంగు విషయంలో మాత్రం చేరింది.) రెండో టేపు అంచున నీలిరంగు నూలుపోగు ఒకటి కనబడింది. కొత్త టేపు జిగురు కొంత తగ్గించడానికి ముందుగా మరోచోట అంటించి తీయాలన్నది ఈ విద్యలో నియమం. అద్దం మీద అంటించడం మేలు. బావగారు లుంగీ మీద అంటించారు. ఆ పోగు పడుకున్న దారి పొడవునా నలుపు. మూడో టేపుతో తెలుపే లేచి వచ్చింది. కింద బూడిదరంగు ప్లాస్టిక్ బయటపడింది, అదీ అచ్చం బొటనవేలి ముద్ర ఆకారంలో.

వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. కిట్టు విప్పగానే భాగాలను సబ్బునీళ్లతో కడిగి, ఆరాక రంగు పట్టేందుకు అడుగుపూతగా ప్రైమర్ వేసి, అప్పుడు రంగు జోలికి వెళ్లాలి. ఇది ఎక్కడో చలిదేశంలో రొట్టె తినేవాడు సులభంగా పాటించగల నియమం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత పుట్టిన నేల మీద, అందులోనూ శ్రావణమాసంలో, భోజనానికీ రెక్కకూ మధ్య ఎన్నిసార్లు చేయి కడిగితే సరిపోతుందో ఏ పెట్టె మీదా రాసిలేదు. అయితే బావగారు నిందితుల జాబితాలో పులసను చేర్చడానికి ఒప్పుకోలేదు. మొదటి పేరు గోదావరి గాలిదే.

ఆ గాలి పూర్తిగా నిర్దోషి అని చెప్పలేము. లక్కర్ రంగును పలచబరిచే థిన్నర్ గబగబా ఆవిరవుతూ రంగు పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎనభై శాతం దాటిన రోజున, అంటే మనకు మామూలు రోజున, ఆ చల్లటి పొరలోకి నీరు చేరి నిగనిగలాడవలసిన నలుపు పాలిపోతుంది. రంగును తుంపరగా చిమ్మే ఎయిర్‌బ్రష్‌కు గాలి అందించే కంప్రెసర్‌లో నొక్కుకుపోయిన గాలి వేడెక్కి, గొట్టంలో చల్లబడి, తనలోని నీటిని చుక్కలుగా వదులుతుంది. ఆ నీటిని పట్టే చిన్న గిన్నె మధ్యలో బిగించకపోతే ఎయిర్‌బ్రష్ నలుపుతో పాటు గోదావరిని కూడా చిమ్ముతుంది. వానాకాలం అలా గడిస్తే, రోహిణి కార్తెలో యాక్రిలిక్ రంగు సూది మొన మీదే ఎండుతుంది. దాటుకుని బయటపడ్డ తుంపర కూడా రెక్కను చేరేలోపే పొడిగా మారి గరుకుగా కూర్చుంటుంది. చలికాలంలో ఎనామిల్ వేస్తే ఆరడానికి అది తొందరపడదు. ఆరిందో లేదో చూడకుండా మనిషి ఉండలేడు. చూసిన చోటల్లా వేలిముద్ర. ఈ లెక్కన డెల్టాలో విమానానికి రంగు వేయడానికి అనువైన సమయం కార్తీకమాసంలో రెండో సోమవారం ఉదయం తొమ్మిదికీ పదికీ మధ్య మాత్రమే. ఆ సమయానికి బావగారు గుడిలో ఉంటారు. దీనికి మందులు లేకపోలేదు. నెమ్మదిగా ఆరే థిన్నర్ ఉంది, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ఉంది, ముసురు పట్టిన రోజున పని మానుకోవడం ఉంది. మూడోది ఉచితం కనుక ఎవరూ వాడరు.

చిక్కదనం సంగతి మరీ వివాదాస్పదం. ఎయిర్‌బ్రష్‌లో పోసే రంగు పాలంత పలచగా ఉండాలని పెద్దలు చెబుతారు. ఏ పాలు? గేదె పాలా, ప్యాకెట్ పాలా, మా వీధికి క్యానులో వచ్చే పాలా? గేదె పాల లెక్కన కలిపితే ఎయిర్‌బ్రష్ మూసుకుపోతుంది. క్యాను పాల లెక్కన కలిపితే నలుపు టేపు కిందికి పరుగెత్తుతుంది. ఇంత కీలకమైన ప్రమాణాన్ని పాలవాడి మనస్సాక్షికి వదిలేయడం ఏ నాగరిక సమాజానికీ తగదు.

ఇక దిద్దుబాటు. పాకిన నలుపును పూర్తిగా ఆరనిచ్చి, ఈసారి నల్లచార మీద టేపు వేసి, చెడిన తెలుపును మళ్లీ కొట్టాలి. అయితే తెలుపు కొట్టేముందు ఆ టేపు అంచున పలచగా నలుపే ఒకసారి కొట్టాలి. ఏ రంగు మీద టేపు వేశామో ఆ రంగునే ముందు కొడితే, అంచు కింది సందులు ఆ రంగుతోనే పూడిపోతాయి. తర్వాత వచ్చే రంగుకు దారి ఉండదు. టేపును నిలువునా పైకి పీకకుండా దాని మీదికే మడుస్తూ నెమ్మదిగా లాగాలి. మిగిలిన గట్టును సన్నటి గరుకు కాగితంతో, అంటే 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్దాలి. ఈ ముక్కలన్నీ బావగారికి కంఠతా వచ్చు. పిల్లలకు సూత్రాలు నేర్పిన మనిషి. సూత్రం తెలిసినవాడు లెక్క చేయనక్కరలేదని ఆయన ధీమా.

కాబట్టి ఆయన తెలుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు, మళ్లీ దాని మీద నలుపు కొట్టారు. పొరల మందం పదో వంతు మిల్లీమీటరు అయిందనుకుందాం. 72తో హెచ్చిస్తే 7.2 మిల్లీమీటర్లు. అంత రంగు ఒంటినిండా పూసుకుని ఏ స్పిట్‌ఫైరూ నేల విడిచి లేవదు. ఈ లెక్క నేను చెబితే ఆయన మెచ్చుకున్నారు, గుణకారం తప్పులేదన్నారు.

పొర మీద పొర వేయడం మనకేమీ కొత్త కాదు. డెల్టాలో ఊరూరా కాటన్ విగ్రహాలున్నాయి. మే 15న జయంతి వస్తోందంటే రంగు పడుతుంది. పాత రంగు గీకే ఆనవాయితీ లేదు. ఏటికేడాది దొర ముక్కు మొద్దుబారుతోంది, కోటు గుండీలు పూడుకుపోతున్నాయి. గుర్రం ఉన్నచోట గుర్రం మాత్రం బలుస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట కోసం 1847 నుంచి 1852 దాకా కష్టపడిన మనిషి ముక్కు కోసం మనం ఒక్క పూట వాటర్ పేపర్ పట్టుకోలేకపోయాము.

అసలు విప్లవం ఆ తర్వాతి వారంలో వచ్చింది. బావగారు చరిత్ర చదివారు. యుద్ధంలో ఆ చారల సంగతి చివరిదాకా రహస్యంగా ఉంచారట. దాడికి రెండు మూడు రోజుల ముందు మాత్రమే ఆజ్ఞలు అందితే, సిబ్బంది కుంచెలు పట్టుకుని హడావిడిగా పూసేశారట. చాలా విమానాల మీద గీతలు వంకర, అంచులు చెదురు. ఇది నిజం. ఆ నిజం చేతికందగానే ఆయన ముఖంలో వెలుగు చూడాలి.

“చూశావటోయ్! ఇది తప్పు కాదు. ఆధారం ఉన్న వంకర.”

“కుంచె వంకర పోయిందంటే నమ్ముతాను బావగారూ. కానీ రంగు అతుకుల గాళ్లు పట్టుకుని రెండు మిల్లీమీటర్లు పాకింది. అసలు విమానం మీద అది దాదాపు పదిహేను సెంటీమీటర్లు అవుతుంది కదండీ?” అన్నాను.

ఆయన తడుముకోలేదు. జూన్ 5న జరగవలసిన దాడి వాతావరణం బాగాలేకే ఒక రోజు వాయిదా పడిందని గుర్తుచేశారు. అంటే తేమ అక్కడా ఉందన్నమాట. దీనికి నా దగ్గర జవాబు లేదు. అయితే కొత్త చిక్కు వచ్చిపడింది. ఎడమ రెక్క మీద చారలు ఏ దేవుడి దయవల్లనో కత్తితో కోసినంత తిన్నగా కుదిరాయి. ఇప్పుడు చరిత్రకు విరుద్ధంగా ఉన్నది ఆ ఎడమ రెక్కే. దాన్ని ఎలా చెడగొట్టాలా అని ఆయన రెండు రోజులు ఆలోచించారు.

నిజానికి ఇది విధాన నిర్ణయాల స్థాయికి ఎదగవలసిన ఆలోచన. వంతెన అప్రోచ్ కుంగితే మరమ్మతు ఎందుకు? అలాగే కుంగిన మరో వంతెన ఫొటో చాలు. రోడ్డు మధ్య తెల్లగీత పాము నడకలో ఉంటే, గీత గీసిన రాత్రి యుద్ధవాతావరణం ఉందని ఫైలులో రాసుకోవచ్చు. మోడల్ కట్టేవాళ్లు దీన్ని ఎప్పుడో శాస్త్రంగా మలిచారు. దాని పేరు వెదరింగ్: ఎండకు, వానకు, వాడకానికి పాతబడినట్లు మసి, మట్టి, నూనె మరకలు పూయడం. నిపుణుడు చేస్తే అది కళ. మిగిలినవాళ్లు చేస్తే మసి పడినచోట ఏదో దాగి ఉందని అర్థం. మన గుత్తేదారులు ఇదే పని పేరు తెలియకుండా చేస్తున్నారు, పాపం.

ఎందుకైనా మంచిదని, పాడైన కుడి రెక్కను చూపించడానికి విమానాన్ని కాలువ గట్టున కార్లకు రంగులు వేసే షెడ్డుకు తీసుకెళ్లాము. షెడ్డు యజమాని చేతులు తుడుచుకుని, రెక్కను అంచులతో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. అంచులతోనే పట్టుకున్నాడని నేను గమనించాను, బావగారు గమనించలేదు.

“కడిగారా మాస్టారూ?”

“చారల చరిత్ర నీకు తెలుసా?”

“తెలియదండి. తెలుపు కొట్టాక ఎంతసేపు ఆరనిచ్చారు?”

బావగారు 1944 నుంచి మొదలుపెట్టారు. రహస్య ఆజ్ఞలు, హడావిడి, కుంచెలు, వంకర గీతలు, వాయిదా పడిన దాడి, అన్నీ చెప్పారు. షెడ్డు యజమాని ఓపిగ్గా విన్నాడు. వెనకాల ఒక కారు తలుపు టేపులు, వార్తాపత్రికలు కట్టుకుని ఆరుతోంది. దాన్ని నిన్ననే కొట్టానని, రేపటిదాకా ముట్టుకోనని అంతకుముందే చెప్పాడు.

“వాళ్లకు తెల్లారితే యుద్ధం ఉందండి మాస్టారూ. మీకేముందండి?”

తిరుగుదారిలో బావగారు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఆ మనిషికి చరిత్ర పరిజ్ఞానం బొత్తిగా లేదని తేల్చారు. ప్రస్తుతం కుడి రెక్క మీద ఇంజను మసి పడుతోంది. ఇంజను పొగ వెనక్కి పోవాలి కదా, రెక్క ముందు అంచుకు మసి ఎలా వచ్చిందని అడిగాను. ఆ రోజు వెనకగాలి బలంగా ఉందన్నారు.