ఫోర్స్ వైద్య శిరోమణులకు

లినక్స్‌లో కంపైలర్ (కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చేది) కొత్తది వేశాక ఏదో ఒక డ్రైవర్ మాడ్యూల్ (కెర్నెల్లోకి విడిగా ఎక్కించే ముక్క) లోడ్ కానని మొండికేస్తుంది. వెంటనే ఒక పెద్దమనిషి ప్రత్యక్షమవుతారు. లాగ్ అడగరు, సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ వెర్షన్ అడగరు. నాడి చూడకుండానే మందు రాసేస్తారు: “మోడ్‌ప్రోబ్‌కి ఫోర్స్ తగిలించండి.” అంటే మాడ్యూల్‌ను లోడ్ చేసే ఆ కమాండ్‌ను, తనిఖీలు వదిలేసి బలవంతంగా ఎక్కించమనడం.

మోడ్‌ప్రోబ్‌దీ తప్పుందిలెండి. వర్‌మ్యాజిక్ (మాడ్యూల్‌ను ఏ కెర్నెల్ కోసం కట్టారో చెప్పే ముద్ర) కలవకపోయినా, రీలొకేషన్ (లోడ్ అయ్యేటప్పుడు అడ్రసులు సరిచేయమనే సూచన) అర్థం కాకపోయినా దాని నోట వచ్చేది ఒకటే: ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్. అసలు కారణం డీమెసేజ్ (కెర్నెల్ లాగ్ చూపే కమాండ్) చివరి లైన్లలో ఉంటుంది. వాటిని చదవడం మన శిరోమణి హోదాకు తగదు.

2018లో వచ్చిన బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్ ఉండే పనిముట్ల మూట) 2.31 సంగతే చూడండి. 64 బిట్ ఎక్స్86లో మామూలు కాల్, జంప్‌లకు పీసీ32 అనే రకం బదులు పీఎల్‌టీ32 రకం రీలొకేషన్ రాయడం మొదలెట్టింది. దాని నంబరు 4. దాన్నెరుగని పాత కెర్నెల్ “అన్‌నోన్ రెలా రీలొకేషన్: 4” అని లాగ్‌లో రాసి మాడ్యూల్‌ను గెంటేసింది. మందు ఏమిటంటే 4.16 లేదా ఆ తర్వాతి కెర్నెల్, లేదా ఆ సవరణ చేరిన పాత స్టేబుల్ కెర్నెల్, అదీ కాదంటే పాత బిన్‌యుటిల్స్‌తో మళ్లీ బిల్డ్.

శిరోమణి మాత్రం ఫోర్స్ వేయించారు. అదే ఎర్రర్. ఫోర్స్ పక్కకు నెట్టేది వర్‌మ్యాజిక్‌నూ సింబల్ వెర్షన్లనూ (కెర్నెల్ ఫంక్షన్లు మారాయేమో చూసే సంఖ్యలు) మాత్రమే; అర్థం కాని ఆ 4 అక్కడే ఉంది. “సుడో పెట్టారా?” పెట్టాం, అడ్మిన్ హక్కులూ ఇచ్చాం. అదే ఎర్రర్. “ఫోర్స్ వర్‌మ్యాజిక్ అని విడిగా ఇవ్వండి.” ఇచ్చాం. అదే ఎర్రర్. “రీబూట్ చేసి మళ్లీ ఫోర్స్.” ఇంకా రసవత్తరమైనది వినండి: మాడ్యూల్ ఫోర్స్ లోడ్ ఆప్షన్ ఆపేసి కట్టిన కెర్నెల్లో, ఫోర్స్ అడిగితే నిక్షేపంలాంటి మాడ్యూల్ కూడా అదే ఎర్రర్‌తో వెనక్కొస్తుంది!

చేయాల్సింది ఎంతని? ప్రాక్ వెర్షన్ ఫైల్లో కెర్నెల్‌ను ఏ జీసీసీ (లినక్స్‌లో వాడే కంపైలర్) వెర్షన్‌తో కట్టారో ఉంటుంది. మీ జీసీసీ వెర్షన్ పక్కన పెట్టి చూడండి. వర్‌మ్యాజిక్ కలిసింది కదా అని మురిసిపోకండి, అందులో ఇప్పుడు కంపైలర్ పేరు ఉండదు (2.6 తొలినాళ్లలో ఉండేది). తేడా ఉంటే మేక్ క్లీన్ కొట్టి పాత బిల్డ్ తుడిచి, ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీకి కెర్నెల్‌ను కట్టిన జీసీసీనే ఇచ్చి బిల్డ్ చేయండి. డీకేఎంఎస్ (కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను తానే కట్టేది) అయితే దాని బిల్డ్ ఫోల్డర్లో మేక్ లాగ్ తెరవండి. “అన్‌రికగ్నైజ్డ్ కమాండ్ లైన్ ఆప్షన్” కనిపిస్తే చాలాసార్లు మీ జీసీసీ కెర్నెల్‌ను కట్టినదానికంటే పాతదని అర్థం. మాడ్యూలే తయారవలేదు. లేనిదాన్ని ఫోర్స్ చేయిస్తున్నారు మహానుభావులు.

ఫోర్స్ పనిచేయకపోతే నవ్వుకోవచ్చు. పనిచేస్తేనే చావు. కంపైలర్ మారితే కెర్నెల్ కాన్ఫిగ్‌లో కొన్ని ఆప్షన్లు చప్పుడు లేకుండా మారతాయి, వాటితో స్ట్రక్చర్లలో (మెమరీలో డేటా అమరికల్లో) ఫీల్డుల చోట్లూ మారొచ్చు. మాడ్యూల్ ఒకచోట అనుకుని ఇంకెవరి మెమరీలోనో రాస్తుంది. మామూలు ప్రోగ్రాం తప్పు మెమరీ ముడితే ఆపినట్టు, అక్కడ సెగ్‌ఫాల్ట్ ఇచ్చి ఆపే నాథుడు లేడు. ఫైల్ సిస్టమ్ పాడయ్యాక ఎవడొస్తాడయ్యా బాగుచేయడానికి? నువ్వొస్తావా? రెండు లైన్ల లాగ్ చదవడానికి బద్ధకించి ఇంకొకరి డిస్క్‌తో ఆడుకుంటావా? సిగ్గులేదూ?

పైగా ఫోర్స్‌తో లోడ్ అయిన క్షణం కెర్నెల్‌కు ఎఫ్ టెయింట్ (బలవంతపు లోడ్ జరిగిందన్న మచ్చ) పడుతుంది. అలాంటి మచ్చల లెక్క చూపే టెయింటెడ్ విలువలో 2 చేరుతుంది. మాడ్యూల్ తీసేసినా పోదు, రీబూట్ చేయాల్సిందే. ఆ మచ్చతో బగ్ రిపోర్ట్ పంపి చూడండి, ముందు అడిగేది దాని గురించే.