నాగలి ఎరుగని రైతు భోజనానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్లౌమన్స్ లంచ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ తమరు రొట్టె, చీజ్, ఉల్లిపాయలతో సహా క్షేమమని తలుస్తాను.

ఇంగ్లండు పల్లెటూరి పబ్బులో తమరి దర్జా చూసి తీరాలి. నల్లబడిన దూలాలు, గోడకు వేలాడే గుర్రపు ఇత్తడి బిళ్ళలు, పలక మీద సుద్దతో తమరి నామధేయం. నాగలి దున్నేవాడి భోజనమట! 1066లో ఇంగ్లండును జయించిన నార్మన్లు ఒడ్డుకు దిగేనాటికే ఏదో పొలంగట్టు మీద గుడ్డమూటలో తమరు కూర్చుని ఉన్నారేమో అనిపిస్తుంది. జాతకం విప్పితే మాత్రం తమరు 1950ల సంతానం. పురుడు పోసింది చీజ్ బ్యూరో అనే ప్రచార సంస్థ.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో చీజ్‌కు రేషన్. చాలాకాలం మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే దాదాపు 57 గ్రాములు. చీజ్‌కు దొరికే పాలలో అధికభాగం ప్రభుత్వం నిర్ణయించిన ఒకే రకం చెడ్డర్ అనే గట్టి చీజ్‌కు పోయేవి. ప్రాంతానికొక రుచిగా ఉన్న చీజ్‌లు చాలావరకు మూలపడ్డాయి. 1954లో రేషన్ ఎత్తేశారు. ఇక జనం చేత మళ్ళీ చీజ్ తినిపించాలి కదా, అందుకు పబ్బును మించిన చోటేముంది? ఉప్పటి ముక్క ఒకటి ముందుంటే బీరూ చెల్లుతుంది, చీజూ చెల్లుతుంది. 1960లలో పాల మార్కెటింగ్ బోర్డు తమరిని దేశమంతా ఊరేగించింది. రొట్టె, చీజ్, ఉల్లిపాయ పొలం కూలీలు తరతరాలుగా తిన్నవే, కాదనను. వాటికి రైతు వేషం కట్టి రంగం మీదికి తోసినవారు మాత్రం ఆఫీసు కుర్చీల్లోని వారు.

మా దున్నేవాడికి పొలానికి వెళ్ళేది చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. దానికి ఏ బోర్డూ ప్రచారం చేయలేదు. అయితే ఈమధ్య మా నగరాల హోటళ్ళు దాన్నీ మట్టిముంతలో పోసి, మూడింతల ధర వేసి అమ్ముతున్నాయి కనుక తమరి మీద మరీ నోరు పారేసుకోలేను.

అసలు పేచీ ఊరగాయ దగ్గర. తమరి పక్కన వడ్డించే బ్రాన్‌స్టన్ పికిల్ 1922లో పుట్టింది, తమరికన్నా వయసులో పెద్దది. క్యారెట్, కాలీఫ్లవర్, ఉల్లి ముక్కలను వెనిగర్‌లో, తీపిలో ముంచిన గోధుమరంగు ముద్ద. కారం జాడ లేదు, నూనె తేలదు. ఆవకాయతో పెరిగిన నాలుకకు అది ఊరగాయ కాదు, ఊరగాయ ఇంటికి దూరపు చుట్టం. అయినా అబద్ధమాడను. నోట్లో పొడిపొడిగా విరిగే పాత చెడ్డర్ ముక్క మీద దాన్ని కాస్త పులిమి, పెచ్చు గట్టిగా ఉన్న రొట్టెతో కొరికితే పులుపూ తీపీ ఉప్పూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు తమరి వంశవృక్షం ఎవరికి కావాలి?

తమరి బంధువు స్కాచ్ ఎగ్ అదృష్టం వేరు. ఉడికించిన గుడ్డుకు సాసేజ్ మాంసం చుట్టి, రొట్టెపొడి అద్ది వేయించినది. 2020 చివర్లో కరోనా ఆంక్షల వల్ల ఇంగ్లండులో చాలాచోట్ల ‘గట్టి భోజనం’ తీసుకుంటేనే పబ్బులో మద్యం పోయాలన్నారు. టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డిస్తే స్కాచ్ ఎగ్‌కు బహుశా ఆ హోదా దక్కుతుందని మంత్రి జార్జ్ యూస్టిస్ రేడియోలో సెలవిచ్చారు. ఒక గుడ్డు గురించి దేశం రోజుల తరబడి వాదించుకుంది. తమరిని మాత్రం ఎవరూ తలచుకున్నట్లు లేదు. బాధగానే ఉంటుంది.

చివరిగా రెండు మనవులు. తమరిని కూరలు తరిగే చెక్క మీద తెస్తున్నారు. పికిల్ ఒకవైపు, వెనిగర్‌లో నానిన ఉల్లిపాయ మరోవైపు దొర్లి నా ఒళ్లో పడుతున్నాయి. దయచేసి అంచున్న పళ్లెంలో వేంచేయండి. ఇక ధర విషయం: నాగలి పట్టినవాడు కొనగలిగేలా ఉంటే, ఆ పేరు పెట్టుకున్నందుకు కాస్త మర్యాదగా ఉంటుంది.

ఇట్లు,
తమరి చెడ్డర్‌కు విధేయుడు, తమరి చరిత్రకు కాదు