స్కూటీయే కదా!

మన ఇళ్లల్లో ఒక వింత రూలు ఉంటుంది. కొడుకు పల్సర్ కావాలంటే వారం రోజులు గొడవ, అమ్మ ఏడుపు, మామయ్యతో ఫోన్‌లో క్లాసు. అదే యాక్టివా అంటే "సరేలే, అందరికీ పనికొస్తుంది" అని వెళ్లి నిమ్మకాయలు తొక్కించి తెచ్చేసుకుంటారు. బైకంటే స్పీడు, స్కూటీ అంటే (ఏ కంపెనీదైనా మనకి స్కూటీయే) కూరగాయలు. నా లెక్కలో స్కూటీతో అసలు డేంజర్ ఈ నమ్మకమే.

బండిని బండిలా చూడండి ఒకసారి. స్ప్లెండర్‌కి రెండు చక్రాలూ 18 అంగుళాలు, ఇప్పటి యాక్టివాకి ముందు 12, వెనక 10. పెద్ద చక్రం దొర్లుకుంటూ దాటేసే గుంతలో చిన్న చక్రం దిగిపోతుంది, అదీ వాన నీళ్లు నిండి కనపడకపోతే ఇక చెప్పక్కర్లేదు. బైక్ మీద మోకాళ్లతో ట్యాంకు అదిమి పట్టుకోవచ్చు, స్కూటీకి అక్కడ ఖాళీ, ఆ ఖాళీలో గ్యాస్ సిలిండరో బియ్యం బస్తానో నిలబడ్డ పిల్లాడో. ఇంజను బరువంతా వెనకే ఉంటుంది, ఇసుక మీద మలుపు తిప్పుతూ కుడిచేతి బ్రేకు గట్టిగా నొక్కామా, ముందు చక్రం జారుతుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు బైకువాడు గేరు తగ్గించుకుని ఇంజనుతో ఆపుకుంటూ వస్తాడు, స్కూటీకి గేరు తగ్గించే ఛాన్స్ లేదు, కిందదాకా దాదాపు బ్రేకులే దిక్కు, అవి వేడెక్కితే పట్టు తగ్గుతుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త చిన్న బండ్లకి కాంబీ బ్రేకు తప్పనిసరి చేశారు, ఎడమ లివర్ నొక్కితే రెండు చక్రాలకీ పడుతుంది, మంచి పనే, కానీ రోడ్ల మీద పాత బండ్లు ఇంకా బోలెడు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1.68 లక్షల మంది, అందులో దాదాపు 75 వేలు టూవీలర్ వాళ్లే, హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50 వేల పైన. అందులో స్కూటీ ఎంత, బైక్ ఎంత అని ఆ లెక్క విడదీయదు, అన్నీ టూవీలర్ ఖాతాలోనే. స్పీడు పిచ్చితో బైకుల మీద పోయే కుర్రాళ్లని తక్కువ చేయడం లేదు, వాళ్ల గురించి రోజూ మాట్లాడుతూనే ఉన్నాం కదా.

మా వదిన పడింది సందు చివర, పాల ప్యాకెట్లకని వెళ్తూ, ముప్పై కూడా దాటలేదు స్పీడు. కుక్క అడ్డం వచ్చింది, కాళ్లు కింద పెట్టి ఆపబోయింది, అదే పొరపాటు, బ్రేకు మర్చిపోయి చెప్పులు రోడ్డుకి రాసింది. నుదుటి మీద ఆరు కుట్లు. హెల్మెట్ డిక్కీలోనే ఉంది, ధర స్టిక్కర్ కూడా తీయలేదు. వెనక కూర్చునేవాళ్లకీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకీ కూడా చట్టం ప్రకారం హెల్మెట్ ఉండాల్సిందే, కానీ సందులో ఎవడు చూస్తాడు.

ఇప్పుడు ఎలక్ట్రిక్‌వి వచ్చాయి. 25 కిలోమీటర్ల లోపు స్పీడు, 250 వాట్ల లోపు మోటారు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. మా వీధిలో తొమ్మిదో క్లాసు పిల్లలు ముగ్గురేసి ఎక్కి ట్యూషన్‌కి పోతున్నారు, చక్రాలు చూస్తే ఇంకా చిన్నవి. కొనిచ్చిన నాన్నని అడిగితే "స్పీడు పోదండీ అది" అన్నాడు.