చెక్క గిన్నె కథలో కర్మఫలం ఎవరి చేతిలో ఉంది?

చేతులు వణికి సూప్ ఒలకబోస్తున్నాడని ముసలి తండ్రిని భోజనాల బల్ల దగ్గర నుంచి లేపేసి, పొయ్యి వెనక మూలన కూర్చోబెట్టిన ఇంటి కథను, జర్మన్ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేశారు. పేజీ కూడా నిండని కథ. తిరగరాసేవాళ్లు దానికి తగిలించే తోకలు చూస్తే బాధేస్తుంది. కోడలికి రోగం వస్తుంది, కొడుకు వ్యాపారం మునుగుతుంది, చివర్లో మనవడు ఉపన్యాసం ఇస్తాడు. కర్మ అంటే పైనుంచి పడే శిక్షే అనుకోవడంతో వచ్చిన చిక్కు ఇది.

మూలకథలో శిక్షే లేదు. ముసలాయనకు మట్టి గిన్నెలో, అదీ కడుపు నిండకుండా పెడతారు. ఒకరోజు అది చేయి జారి పగులుతుంది. కోడలు తిడితే నిట్టూరుస్తాడే తప్ప మారుమాట ఆడడు. ఆయన శపించి ఉంటే తర్వాత జరిగేదంతా శాపఫలం అయిపోయేది. చిల్లర డబ్బులు పెట్టి చెక్క గిన్నె కొంటారు. నాలుగేళ్ల మనవడు చెక్కముక్కలు పోగేస్తుంటాడు. ఏం చేస్తున్నావని తండ్రి అడిగితే, తొట్టి చేస్తున్నానని, తాను పెద్దయ్యాక అమ్మానాన్నలు అందులో తింటారని చెబుతాడు. అది విని కొడుకూ కోడలూ ఏడ్చేసి, తాతను మళ్లీ బల్ల దగ్గరికి తెస్తారు.

ఐరనీ అంతా ఆ వయసులోనే ఉంది. నాలుగేళ్లవాడికి ఎత్తిపొడవడం రాదు. పెద్దవాళ్లకు అన్నం పెట్టే పద్ధతి ఇదే కాబోలనుకుని, బుద్ధిమంతుడైన కొడుకులా ముందే సిద్ధపడుతున్నాడు. వాడి వయసు పన్నెండు చేసి చూడండి, అదే మాట దెప్పిపొడుపవుతుంది. తల్లిదండ్రులు కసిరి ఊరుకోబెట్టేస్తారు. తాతకు పెట్టిన ముంత తలాపునే ఉంటుందని మన పెద్దలన్నది ఈ కర్మ గురించే. దాన్ని మోసుకొచ్చేది చూసి నేర్చుకున్న పిల్లాడే.

బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన తక్కల జాతకంలో, భార్య మాట విని తండ్రిని శ్మశానానికి తీసుకెళ్లిన కొడుకు గొయ్యి తవ్వుతుంటే, ఏడేళ్ల పిల్లాడు పక్కనే ఇంకోటి మొదలుపెడతాడు. అయితే వాడు బోధిసత్వుడు, అంటే ముందు ముందు బుద్ధుడు కాబోయేవాడు, తెలిసే చేస్తాడు. అక్కడ బోధ బలంగా ఉంటుంది, ఉలికిపాటు తగ్గుతుంది. పైగా నింద ముందుగా కోడలి మీదే పడుతుంది. గ్రిమ్ కథలో అసహ్యించుకున్నదీ ఇద్దరే, ఏడ్చిందీ ఇద్దరే.

ఎక్కువమంది వదిలేసేది గ్రిమ్ కథలోని ఆఖరి మాట. తాతను బల్ల దగ్గరికి తెచ్చాక కూడా కొంచెం ఒలుకుతూనే ఉంటుంది, వాళ్లు ఏమీ అనరు. వణుకు తగ్గలేదు, ఇంటి నడత మారింది. కథను కన్నీళ్ల దగ్గరే ఆపేస్తే, వాళ్లు తప్పు దిద్దుకున్నారన్న రుజువు పాఠకుడికి దొరకదు.